చెరసాలలో సంకీర్తన: అన్నమాచార్యుని సంకెల ఘట్టం – విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం

తాళ్ళపాక అన్నమాచార్యుని సాళువ నరసింగరాయలు చెరసాలలో పెట్టించిన ఘట్టం తెలుగువారికి సుపరిచితం. సంకీర్తన పాడగానే సంకెలలు ఊడిపడ్డాయన్న మహిమ దగ్గరే ఈ కథ సాధారణంగా ముగుస్తుంది. కథను చెప్పిన ద్విపద కావ్యాన్ని, సంప్రదాయం ఆ సందర్భానికి జతపరచిన సంకీర్తనను పక్కపక్కన ఉంచి చదివితే, రెండింటిలో చెర ఒకే అర్థంలో లేదని తెలుస్తుంది. కావ్యం చెరను ఒక మహాత్ముని పరీక్షగా చూపింది. సంకీర్తన దానిని ఎవరికైనా రాగల కష్టాలలో ఒకటిగా లెక్కించింది. ఈ భేదాన్ని నిరూపించి, భద్రాచల రామదాసు కీర్తనలతోనూ, కర్నూలుకు చెందిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు కారాగారానుభవంతోనూ పోల్చి చూడటం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: అన్నమాచార్యుడు, చిన్నన్న, ద్విపద, సంకీర్తన, చెర, నరస్తుతి నిరాకరణ, రాయలసీమ.

1. ఉపోద్ఘాతం

కారాగారంలో పుట్టిన ఆధ్యాత్మిక రచనలకు ప్రపంచ సాహిత్యంలో దీర్ఘమైన చరిత్ర ఉంది. క్రీ.శ. 6వ శతాబ్దిలో మరణశిక్షకు ఎదురుచూస్తూ బోయీథియస్ తత్త్వశాస్త్రాన్ని ఒక స్త్రీమూర్తిగా భావించి ఆమెతో సంభాషించాడు. బాలగంగాధర తిలక్ మాండలే చెరసాలలో ‘గీతారహస్యం’ రచించాడు. ఇటువంటి రచనలలో కారాగారం ఏకాంతానికి మారుపేరు. బయటి లోకం మూసుకుపోయినప్పుడు లోపలి లోకం తెరుచుకుంటుందన్నది వాటి గురించి విమర్శకులు తరచుగా చేసే వ్యాఖ్య.

కడప సీమలో, రాజంపేట సమీపంలోని తాళ్ళపాకలో 1408లో జన్మించిన అన్నమాచార్యుని చెర కథకు ఈ వ్యాఖ్య సరిపడదు. అతడు చెరసాలలో కొత్తగా దేనినీ కనుగొనలేదు. చెరకు ముందు ఏది పాడాడో చెరలోనూ అదే పాడాడు. అసలు అతడు చెరలో పడటానికి కారణం కూడా ఆ పాటే. కాబట్టి ఇక్కడ అడగవలసిన ప్రశ్న చెర కవిని ఎలా మార్చిందన్నది కాదు. కవి గొంతు ఎవరికి చెందుతుందన్న వివాదంలో చెర ఏ పాత్ర వహించిందన్నదే అసలు ప్రశ్న.

2. కావ్యంలోని ఘట్టం

ఈ కథకు ప్రధానాధారం అన్నమాచార్యుని మనుమడు చిన్న తిరువేంగళనాథుడు (చిన్నన్న) ద్విపదలో రచించిన ‘అన్నమాచార్య చరిత్రము’. వేటూరి ప్రభాకరశాస్త్రి దీనిని విపులమైన పీఠికతో 1949లో వెలువరించారు. కావ్యకథనం ప్రకారం నరసింగరాయలు టంగుటూరులో ఉన్న కాలంలోనే అన్నమయ్యతో మైత్రి చేశాడు. తరువాత పెనుగొండలో ఉండి అతనిని పిలిపించుకున్నాడు. వేంకటేశ్వరునిపై పాడిన శృంగార సంకీర్తన విని పరవశించి, అటువంటిది తనపైనా ఒకటి చెప్పుమన్నాడు. అన్నమయ్య చెవులు మూసుకొని, హరిని కీర్తించిన నాలుకతో నరుని కీర్తించజాలనన్నాడు. రాజు ఆగ్రహించి సంకెల వేయించాడు. కవి పాడగా సంకెల వీడిపోయింది. కావలివారు చెప్పిన మాట నమ్మక రాజు స్వయంగా వచ్చి, తన ఎదుటనే మళ్ళీ వేయించాడు. మళ్ళీ వీడిపోయింది. రాజు క్షమాపణ వేడుకున్నాడు.

ఈ కథనంలో రెండు అంశాలు గమనార్హం. మొదటిది వివాద స్వభావం. అన్నమయ్య శృంగారాన్ని నిరాకరించలేదు. రాజు విని మెచ్చినది అతని శృంగార సంకీర్తననే. భాష, భావం, రాగం అన్నీ అవే. మారవలసినదల్లా పాట అందుకొనేవాడి పేరు. రాజు దృష్టిలో అది చిన్న మార్పు. కవి దృష్టిలో పాట సర్వస్వం ఆ పేరులోనే ఉంది. నరాంకిత నిరాకరణ తెలుగు కవుల జీవితగాథలలో కొత్త విషయం కాదు. పోతన గురించి ప్రచారంలో ఉన్న కథలలో శిక్ష గ్రంథానికి పడింది, భాగవతం భూస్థాపితమైంది. అన్నమయ్య కథలో శిక్ష దేహానికి పడింది. కావ్యాన్ని పాతిపెట్టవచ్చు. పాట పాడేవాని గొంతులో ఉంటుంది కనుక పాడేవానినే బంధించవలసి వచ్చింది.

రెండవది నిరూపణపై కావ్యానికి ఉన్న శ్రద్ధ. సంకెల ఒక్కసారి వీడితే చాలదు. అపనమ్మకం గల సాక్షి ఎదుట మరొకసారి వీడాలి. మనుమడు తాతను గురించి రాస్తున్న కావ్యంలో ఈ పునరావృత్తికి ప్రయోజనం స్పష్టం. తాళ్ళపాక వంశానికి తిరుమల దేవాలయంలో గల స్థానానికి మూలపురుషుని మహిమ పునాది. ఆ మహిమను ఒప్పుకొన్న సాక్షి సామాన్యుడు కాక రాజే అయితే దాని విలువ ఇబ్బడి అవుతుంది. కావ్యాన్ని అబద్ధమనడానికి ఇది కారణం కాదు. కావ్యం ఏ అవసరం కోసం చెరను చూపుతున్నదో తెలుసుకోవడానికి ఇది ఆధారం.

3. సంకెలకు పేరు

అన్నమయ్యకు వేసిన సంకెల పేరు ‘మూరురాయరగండ’ అని కావ్యం చెబుతుంది. ఇది విజయనగర ప్రభువుల బిరుదు. ముగ్గురు రాజులకు మగడని దాని భావం. ఈ పేరును కథలోని అలంకారంగా భావించి దాటిపోవడం సులభం. అయితే ఘట్టమంతటికీ ఇదే కీలకం.

రాజు కోరినది తన స్తుతి. కవి దానిని నోటితో పలకలేదు. అప్పుడు రాజు తన స్తుతినే ఇనుముగా మార్చి కవి దేహానికి తొడిగించాడు. బిరుదు అంటే ఇతరులు పలకగా నిలిచే పేరు. పలికేవారు లేనప్పుడు దానిని బలంతో మోయించవలసి వస్తుంది. పలకని పొగడ్తను మోయవలసి రావడమే ఈ చెరకు అర్థం. సంకెల వీడిపోవడమంటే ఆ బిరుదు నేల రాలిపోవడమే. మహిమను నమ్మేవారికీ, నమ్మనివారికీ ఈ సూచన సమానంగా అందుతుంది.

4. సంకీర్తనలోని చెర

ఇక పాట విషయం. తిరుమల సంకీర్తన భాండారంలోని రాగిరేకులు సంకీర్తనతో పాటు రాగం పేరును ఇస్తాయి గాని, ఏ పాట ఏ సందర్భంలో పుట్టిందో చెప్పవు. కాబట్టి ఫలానా పాట చెరలోనే పుట్టిందనడానికి రేకులలో ఆధారం వెదకరాదు. కథాసంప్రదాయం మాత్రం ఆకలివేళతో మొదలయ్యే ప్రసిద్ధ సంకీర్తనను ఈ ఘట్టానికి జతచేసింది. ఆ జత యాదృచ్ఛికం కాదు. అందులో చెర ప్రస్తావన, సంకెల ప్రస్తావన రెండూ ఉన్నాయి.

పాట నిర్మాణం ఒక జాబితా. పల్లవిలో ఆకలి, అలసట ఉన్నాయి. మొదటి చరణంలో ఎందుకూ కొరగాకుండా పోవడం, కులగౌరవం చెడటం, ఇతరుల చేతిలో చిక్కి చెరపడటం ఉన్నాయి. రెండవ చరణంలో ఆపద, నింద, పాపం, భయం వస్తాయి. మూడవ చరణంలో సంకెల వేయడం, చంపడానికి పిలవడం, ఆ వెంటనే అప్పులవాళ్ళు అడ్డగించి నిలపడం ఉన్నాయి. ఇన్నిటికీ హరినామం ఒక్కటే దిక్కని ప్రతి చరణం ముగుస్తుంది.

ఈ జాబితాలో మూడు విశేషాలున్నాయి. ఒకటి, చెరకు ప్రత్యేక స్థానం లేదు. అది ఆరంభంలో లేదు, అంతంలోనూ లేదు. ఆకలితో మొదలైన వరుస అప్పులవాళ్ళతో ముగుస్తుంది. మరణశిక్ష పక్కనే అప్పుల బాధను నిలపడం నేటి పాఠకునికి మొదట విడ్డూరంగా తోచవచ్చు. అప్పులవాడు దారిలో నిలేసినప్పుడు కదలలేకపోవడం ఎరిగినవారికి అది విడ్డూరం కాదు. గోడలు లేకపోయినా అదీ నిర్బంధమే.

రెండు, ఈ కష్టాలు ఎవరివో పాట చెప్పదు. ‘నాకు’ అన్న మాట లేదు. రాజు పేరు లేదు, పెనుగొండ లేదు, అన్యాయం జరిగిందన్న ఫిర్యాదూ లేదు. కర్తృపదం లేని ఈ వాక్యనిర్మాణం వల్ల పాడుతున్నవాడెవరైతే వాడే ఆ కష్టానికి కర్త అవుతాడు.

మూడు, శక్తి ఉన్న మేరకు స్మరించినా చాలునన్న ధ్వని రెండవ చరణంలో వినిపిస్తుంది. వీరోచితమైన ఓర్పును పాట ఎవరి దగ్గరా కోరదు. ఆకలిగొన్నవానికి, భయపడినవానికి సాధ్యమైన భక్తినే అడుగుతుంది.

చివరి చరణంలో వేంకటేశుని నామమే విడిపించగలదన్న భావం ఉంది. కావ్యంలోని మహిమకు బీజం ఇక్కడే ఉండవచ్చు. జాబితాలోని సంకెల అన్న ఒక్క అంశాన్ని కథ ఎన్నుకొని, విడుదలను ఇనుము తెగడంగా దృశ్యీకరించింది. పాటలోని విడుదల అంతటితో ఆగదు. ఆకలికి సంకెల లేదు, నిందకు తాళం లేదు. వాటన్నిటికీ వర్తించే విడుదల ఇనుము తెగడం కంటే విశాలమైనది కావాలి. భయం వల్ల మనిషి లొంగిపోకుండా ఉండటమే ఆ విశాలార్థమని ఈ వరుస సూచిస్తుంది. రాజు ఎదుట చెవులు మూసుకున్న క్షణంలోనే ఆ విడుదల జరిగింది. సంకెల వీడటం దానికి తరువాతి సంఘటన మాత్రమే.

పదిహేనవ శతాబ్దపు పాటలో నేటి రాయలసీమ కరవును వెదకడం కాలవ్యతిక్రమం అవుతుంది. అయితే పాట పుట్టిన కాలం వేరు, పాట బతికిన కాలం వేరు. 1876–78 నాటి ధాత కరువు వంటి దుర్భిక్షాలను చూసిన కడప, కర్నూలు సీమలలో ఆకలితో మొదలై అప్పుతో ముగిసే ఈ వరుసకు వ్యాఖ్యానం అవసరం ఉండదు.

5. రామదాసు: లెక్క అడిగిన ఖైదీ

ఈ లక్షణాలు స్పష్టపడటానికి కంచెర్ల గోపన్న కీర్తనలతో పోలిక ఉపకరిస్తుంది. భద్రాచలంలో రామాలయానికి ప్రభుత్వ ధనం వెచ్చించాడన్న అభియోగంపై గోల్కొండ ప్రభువు తానాషా కాలంలో అతడు 12 ఏళ్ళు చెరలో ఉన్నాడని ప్రసిద్ధి. ప్రసిద్ధమైన ఒక కీర్తనలో అతడు సీతకు, లక్ష్మణ భరతులకు, రామునికి చేయించిన ఆభరణాలను పేరుపేరునా చెప్పి, వాటికైన సొమ్మును లెక్కగట్టాడు. చివరకు దెబ్బలకు ఓర్వలేక తిట్టినందుకు మన్నించుమన్నాడు. రెవెన్యూ ఉద్యోగి కవిత్వంలోనూ జమాఖర్చు రాశాడు.

రామదాసు పాటలో సంకెల ఊడదు. అందుకే అందులో ‘నేను’ అంత బలంగా ఉంది. అలక, నింద, వేడుకోలు ఉన్నాయి. అన్నమయ్య పాటలో ‘నేను’ లేదు కనుక నింద లేదు. రామదాసు తన చెరను దేవునికి అప్పుగా చూపాడు. అన్నమయ్య అప్పునే ఒక చెరగా లెక్కించాడు. ఈ రెండింటిలో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అనడం సరికాదు. తెలుగులో చెరసాల భక్తికి ఇవి రెండు మార్గాలు. ఒకటి వ్యక్తి వేదనను దేవుని ముందు వ్యాజ్యంగా నిలిపింది. రెండవది వ్యక్తి వేదనను అందరి వేదనలో కలిపింది.

6. కర్నూలు నుంచి వేలూరు వరకు

గొంతు ఎవరికి చెందుతుందన్న వివాదం భక్తికవులతో ముగియలేదు. 1883లో కర్నూలులో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో ‘స్వరాజ్య’ వారపత్రిక సంపాదకునిగా తిరునెల్వేలి కాల్పులను ఖండించినందుకు రాజద్రోహ నేరంపై మూడేళ్ళ కఠిన కారాగార శిక్షకు గురయ్యాడు. ఆంధ్రులలో తొలి రాజకీయ ఖైదీగా చరిత్రకెక్కిన అతడు వేలూరు చెరసాలలో శిక్ష అనుభవించాడు. అదే సంవత్సరం తిలక్‌కు మాండలే శిక్ష పడింది.

అన్నమయ్య పలకనందుకు చెరలో పడ్డాడు. హరిసర్వోత్తమరావు పలికినందుకు పడ్డాడు. పైకి భిన్నమైనా రెండు శిక్షలకూ మూలం ఒకటే. ప్రభుత్వానికి తనను గురించిన మాటపై అధికారం కావాలి. వేలూరులో సంకెలలు తమంతట తాము వీడలేదు. శిక్షాకాలం పూర్తిగా గడిచింది. అయితే విడుదల తరువాత అతడు గ్రంథాలయోద్యమానికి, వయోజన విద్యకు చేసిన సేవ ఈ వ్యాస విషయానికి దగ్గరగా వస్తుంది. తన గొంతును కాపాడుకొన్నవాడు అక్షరం లేనివారికి గొంతు కలిగించే పని ఎంచుకున్నాడు. దానిని ఆధ్యాత్మికమనడానికి సంశయించేవారు ఉండవచ్చు. ఒకని చెరను అందరి కష్టంలో భాగంగా చూసిన సంకీర్తన దృష్టితో చూస్తే ఆ సంశయానికి తావు తగ్గుతుంది.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. అన్నమాచార్యుని చెర కథలో కారాగారం ఆత్మపరిశీలనకు దొరికిన ఏకాంతం కాదు. కవి గొంతుపై అధికారం ఎవరిదన్న వివాదానికి వేదిక.

2. సంకెలకు రాజ బిరుదును పేరుగా ఉంచడం ద్వారా, నిరాకరించిన స్తుతి శిక్షగా మారిన తీరును చిన్నన్న కావ్యం ధ్వనింపజేసింది.

3. కావ్యం చెరను మహిమకు సందర్భంగా అసాధారణం చేసింది. సంకీర్తన ఆకలి, అప్పుల మధ్య నిలిపి దానిని సాధారణం చేసింది.

4. రామదాసు కీర్తనలోని బలమైన ‘నేను’తో పోల్చినప్పుడు, కర్తృపదం లేని అన్నమయ్య పాట సామూహిక స్వభావం స్పష్టమవుతుంది.

మహిమ కథనే పట్టుకొని పాటను చదివితే, సంకెల వీడినవాడొక్కడే మిగులుతాడు. వీడనివారికి ఆ పాటలో చోటు ఉండదు. పాటను ముందు ఉంచి కథను చదివితే చెరపడినవారు, అప్పుపడినవారు, ఆకలిగొన్నవారు అందరూ అందులో ఉంటారు. అన్నమయ్య సంకీర్తనను చెరసాల సాహిత్యంలో భాగంగా అధ్యయనం చేసేవారు ఈ రెండవ పద్ధతిని అనుసరించడం సమంజసం.