బొర్రాలో దిగేవాళ్ళు, అరకు దాకా పోయేవాళ్ళు

"ఇంత దూరం వచ్చి అది చూడకుండా పోతామా!" ఈ మాట అనని ఇంటిపెద్దని నేనింతవరకూ చూడలేదు. వేసవి ప్రయాణాల్లో తగాదాలు సగం ఇక్కడే పుడతాయి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడ గుడి మెట్లన్నీ ఎక్కి కూలబడడం, ఘాట్ రోడ్డులో కడుపు తిప్పుతున్న పిల్లాడు వ్యూపాయింట్ దగ్గర ఫొటోకి నవ్వాల్సి రావడం ఈ మాట పుణ్యమే. పెట్టిన డబ్బు గిట్టుబాటు కావాలంటే అందరూ అన్నీ చూడాలి, అదీ ఒకేసారి చూడాలి. ఎవరు పెట్టారో గానీ మన ఇళ్ళలో అదొక శాసనం.

మా ఇంట్లో ప్రయాణాల పెత్తనం నాది. ఎక్కడికి వెళ్ళాలన్నది పెద్ద సమస్యేం కాదు, కాసేపు అరుచుకుంటే తేలిపోతుంది. ఎవరు ఎప్పుడు విడిపోవాలి, మళ్ళీ ఎక్కడ కలవాలి అన్నది తేల్చడమే అసలు పని. హైదరాబాదు నుంచి విశాఖ, అరకు అనుకున్నప్పుడు నేను ఎవర్నీ "ఏం చూద్దాం?" అని అడగలేదు. అలా అడిగితే మావారు యూట్యూబ్ చూసి పదహారు పాయింట్ల జాబితా తెస్తారు. "ఏది లేకపోతే ఈ ప్రయాణం దండగ అనిపిస్తుంది? ఒక్కటే చెప్పండి" అని విడివిడిగా అడిగాను. విడివిడిగా అన్నది ముఖ్యం. అందరి ముందూ అడిగితే అత్తయ్యగారు "నాదేముందమ్మా, మీ ఇష్టం" అనేస్తారు, అక్కడితో ఆవిడ కథ ముగిసిపోతుంది.

మామయ్యగారిది సింహాద్రి అప్పన్న. అదీ మామూలు దర్శనం కాదు, చందనోత్సవం నాటి నిజరూప దర్శనం. అత్తయ్యగారిది, కాసేపు గునిశాక, "మెట్లు వద్దు. పొద్దున్నే టిఫిను ఎవరైనా చేసి పెడితే చాలు." మావారిది సొరంగాల రైలు. పిల్లాడిది సబ్‌మెరైన్. పదో తరగతి పరీక్షలు రాసి ఉన్న మా అమ్మాయిది "నన్నెవరూ లేపకూడదు." నాది బీచ్‌లో ఒక సాయంత్రం, టవల్ ఎక్కడుందని ఎవరూ అడగని సాయంత్రం.

చూస్తే వీటిలో ఏ రెండూ పొసగవు. కానీ కోరిక ఒక్కొక్కటే అయ్యేసరికి చోటు దొరికింది. చందనోత్సవం అక్షయ తృతీయ నాడు వస్తుంది. స్వామి ఏడాది పొడుగునా చందనం కింద ఉండి ఆ ఒక్కరోజే నిజరూపంలో కనిపిస్తాడు కాబట్టి ఆ రోజు కొండ మీద జనం ఎలా ఉంటారో చెప్పక్కర్లేదు. ఎండలో ఆ క్యూలో పిల్లల్ని నిలబెట్టడం నాకు భక్తి అనిపించదు. "మీరూ మీ స్నేహితుడూ ముందే వెళ్ళి దర్శనం చేసుకోండి మామయ్యగారూ, మేం వెనకాల వస్తాం" అన్నాను. ఆయన కాసేపు చిన్నబుచ్చుకున్నారు. మర్నాటికల్లా స్నేహితుడికి ఫోన్ చేసి, ఉతికిన పంచెలు తీసి పెట్టుకున్నారు.

విడివిడిగా వెళ్తే రైల్వేవాళ్ళు కూడా మెచ్చుకుంటారు. రిజర్వేషన్ 2024 నవంబరు నుంచి అరవై రోజుల ముందే తెరుస్తున్నారు, అంతకుముందు నూట ఇరవై ఉండేది. మే నెల ప్రయాణమంటే మార్చిలో పొద్దున్న ఎనిమిదింటికి ఫోన్ పట్టుకు కూర్చోవాల్సిందే. అందరం ఒకే టికెట్ మీద ఉందాం అనే మమకారంతో ఆరుగుర్నీ ఒకే దాంట్లో కుక్కితే పెద్దవాళ్ళకి పైబెర్తు వచ్చినా రావచ్చు. కింది బెర్తు కోటా అరవై నిండిన మగవాళ్ళకీ, నలభై అయిదు నిండిన ఆడవాళ్ళకీ ఉంది, కానీ టికెట్ మీద ఒకరో ఇద్దరో ఉంటేనే అది వర్తిస్తుంది. అందుకని మామయ్యగారూ స్నేహితుడూ ఒక టికెట్, అత్తయ్యగారూ నేనూ ఒక టికెట్, మావారూ పిల్లలూ ఇంకోటి. నలభై అయిదు దాటినందుకు ఈ దేశంలో నాకు దొరికిన మర్యాద ఇదొక్కటే, వదులుకుంటానా! పెద్దవాళ్ళ రాయితీ 2020 మార్చిలోనే పోయింది, ఈ కోటా అయినా మిగిలింది. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో పడుకుంటే తెల్లారేసరికి విశాఖ.

అరకు రైలు కథ వేరు. కిరండూల్ వెళ్ళే ప్యాసింజరు పొద్దున్న ఏడు కాకముందే విశాఖలో కదులుతుంది. అద్దాల పెట్టెలో సీట్లు దొరికితే కూర్చున్న చోటు నుంచే కొండలన్నీ కనిపిస్తాయి. దారిలో యాభైకి పైగా సొరంగాలు. ఒక్కొక్క దాంట్లోకి వెళ్ళగానే పెట్టెలో పిల్లలంతా కేకలు పెడతారు, బయటికి రాగానే ఆపుతారు. మావారు కూడా పెట్టారు. మా అమ్మాయి చెవుల్లో ఏవో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. సొరంగాలు లెక్కపెట్టమని ఆయన రెండుసార్లు లేపబోతే నేను చెయ్యి అడ్డుపెట్టాను. ఆ పిల్ల కోరిక కూడా జాబితాలో ఉంది మరి.

బొర్రా గుహలు స్టేషన్ దగ్గర మేం రెండు జట్లయ్యాం. గుహలు చూడాల్సినవే. సున్నపురాతి గోడలు, పైనుంచి బొట్లు బొట్లుగా కారే నీళ్ళు, లోపల శివలింగం. అయితే దిగేవన్నీ మెట్లే, అవీ తడి మెట్లు. మావారు, పిల్లాడు, మామయ్యగారు దిగిపోయారు. విశాఖ నుంచి మాట్లాడుకున్న కారు సామాను వేసుకుని వాళ్ళ కోసం అక్కడికి వచ్చింది. అత్తయ్యగారు, అమ్మాయి, నేను అదే రైల్లో అరకు వెళ్ళిపోయాం. హోటల్‌కి ముందురోజే ఫోన్ చేసి, కింది అంతస్తులో పక్కపక్క గదులు, పదకొండుకల్లా కావాలని చెప్పి ఉంచాను. లేకపోతే పన్నెండింటి దాకా రిసెప్షన్ సోఫాలో కూర్చోవడం పెద్దవాళ్ళకి గుహలో మెట్లకన్నా పెద్ద శిక్ష. మగవాళ్ళు అనంతగిరి కాఫీ తోటల మీదుగా, గాలికొండ దగ్గర ఆగుతూ వచ్చేసరికి బామ్మా మనవరాలూ ఫోన్లో కొరియన్ సీరియల్ మొదలుపెట్టేశారు. అత్తయ్యగారికి ఇప్పుడు అందులో అందరి పేర్లూ నోటికి వచ్చు. కథానాయకుడి తల్లి మీద ఆవిడకి చాలా కోపం.

"ఇలా ఎవరికి వాళ్ళు తిరిగేదానికి కుటుంబమంతా వెళ్ళడం ఎందుకు?" అని మా ఆడపడుచు భర్త దెప్పుతుంటాడు. అందరూ ఒకటే చూసొస్తే రాత్రి భోజనాల దగ్గర చెప్పుకోడానికి ఏముంటుందని నా వాదన. ఒక్క భోజనం మాత్రం కలిసే చెయ్యాలని నేను పట్టుబడతాను. అందుకే గుడి ముందు, మాంసం తర్వాత. అప్పన్న దర్శనం అయ్యాకే అరకులో బొంగు చికెన్. పచ్చి వెదురుబొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకులు దోపి నిప్పుల మీద తిప్పుతారు. చుక్క నూనె ఉండదు. బొంగు పైన మాడి నల్లబడ్డాక వంచి విస్తట్లోకి దులిపితే ముక్కలు ఆవిరితో జారిపడతాయి. మామయ్యగారు తినరు. పక్కన కూర్చుని పెరుగన్నం కలుపుకుంటూ గుహలో లింగం గురించి మాకు చెప్పారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. విడిపోవడం అనగానే చాలా ఇళ్ళలో జరిగేదేమిటంటే, మగవాళ్ళు చూసొస్తారు, ఆడవాళ్ళు సామానుకి కాపలా. అరకులో నేను ఉండిపోయానంటే ముందే ఒప్పందం ఉంది. విశాఖలో సబ్‌మెరైన్ పూట నా పని మావారిది. కురుసుర అనే ఆ సబ్‌మెరైన్ 2001లో నౌకాదళం నుంచి తప్పుకుంది, మరుసటి ఏడాదే రామకృష్ణా బీచ్‌లో మ్యూజియం అయింది. సోమవారం మూసి ఉంటుంది, అది చూసుకోకపోతే పిల్లాడి ఏడుపు మనం పడాలి. లోపల ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి కంతల్లోంచి కాలెత్తి వంగి దూరాలి. తండ్రీ కొడుకూ అందులో దూరుతుంటే, మామయ్యగారు అత్తయ్యగారిని తీసుకుని బీచ్ రోడ్డులో బెంచీ వెతుక్కుంటే, నేను చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ళ వెంబడి నడిచాను. ఎవరు ఎప్పుడు ఉండిపోతారో ఇంట్లోనే కాగితం మీద రాసుకోవాలి. అక్కడికి వెళ్ళాక తేల్చుకుందామంటే, ఎప్పుడూ మెత్తగా ఉండేవాళ్ళే ఉండిపోతారు.

డబ్బు సంగతి ఎక్కువ చెప్పను. రైలు, గదులు, భోజనం ఉమ్మడి సంచిలోంచి. మిగతావి ఎవరి జేబులోంచి వాళ్ళవి, పిల్లల జేబులతో సహా.

ప్రయాణాన్ని కాగితం మీద పెట్టడం కొత్తేం కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో సుమారు నూరుమందిని వెంటేసుకుని మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, మరుసటి ఏడాది సెప్టెంబరులో తిరిగొచ్చాడు. ఆయన కాశీయాత్ర చరిత్ర చదివితే నాకు ముచ్చటేసేది గుళ్ళ వర్ణన కాదు. ఏ మజిలీలో సరుకులు దొరుకుతాయి, దిగడానికి చోటుందా, ముందున్న దారి ఎలాంటిది అని ఊరూరికీ రాసుకున్న తీరు. నూరుమందిని నడిపించినవాడికి ఇవే ముఖ్యం. నా కాగితం మీద కూడా చూడాల్సిన పాయింట్లు కింద ఉంటాయి, టిఫిను ఎక్కడ, టాయిలెట్ ఎక్కడ, నీడ ఎక్కడ అన్నవి పైన ఉంటాయి.

ఈసారి ఆడపడుచు వాళ్ళూ కలుస్తామంటున్నారు. దెప్పే ఆ పెద్దమనిషే ఊటీ అంటున్నాడు. 2024 మే నుంచి అక్కడికి బయటి నుంచి వెళ్ళే కార్లకి ఈ-పాస్ తీసుకోవాలి. రెండు కార్లకి రెండు పాసులు. మేట్టుపాళయం నుంచి నలభై ఆరు కిలోమీటర్ల కొండరైలు ఉంది, కొంతదూరం పళ్ళ పట్టా మీద, నెమ్మదిగా దాదాపు ఐదు గంటలు ఎక్కుతుంది. అంతసేపు కూర్చోలేనివాళ్ళు కూనూరులో దిగి కారెక్కవచ్చు. ఇదంతా వివరిస్తుంటే మామయ్యగారు పేపరు దించి, "అక్కడ గుడేమైనా ఉందా అమ్మాయ్?" అన్నారు.

"కోయంబత్తూరు పక్కన మరుదమలై మురుగన్ ఉన్నాడు మామయ్యగారూ. బస్సు కొండ మీదికి వెళ్తుంది."

లోపలి నుంచి అత్తయ్యగారు, "ఆయన్ని అక్కడ దింపేసి మనం పైకి పోదాం. టిఫిను ఎక్కడ బాగుంటుందో చూడు" అన్నారు.