ఏ నినాదం ముందు వినిపించింది?

‘తమస్’ దూరదర్శన్‌లో వచ్చి మూడున్నర దశాబ్దాలు దాటిపోయింది. ఇప్పటికీ మాలో నలుగురం కూర్చుని దాని మాటెత్తితే చర్చ చివరి నిమిషం దగ్గరికొచ్చి ఆగిపోతుంది. శరణార్థుల శిబిరంలో భర్త నత్థూ శవాన్ని కర్మో గుర్తుపడుతుంది. నిండు గర్భిణి. అక్కడే నొప్పులు మొదలవుతాయి. లోపల కాన్పు. బయట ముసలి సిక్కు దంపతులు హర్నామ్ సింగ్, బంతో కూర్చుని ఉంటారు. పసికందు ఏడుపు వినిపిస్తుంది. ఆ ఏడుపుతో కలిసి ‘అల్లాహో అక్బర్’, ‘హర హర మహాదేవ్’ కేకలు. అంతే, అయిపోతుంది. ఆ పసికందు ఏమవుతుందో, ఆ కేకలు ఎటు పోతాయో గోవింద్ నిహలానీ చెప్పడు.

చెప్పకుండా వదిలేసిన ముగింపును ఎవరికి కావలసినట్టు వాళ్లు పూర్తి చేసుకుంటారు. మా సెక్యులర్ మిత్రులు దాన్ని ఆశగా పూర్తి చేశారు. ఎన్ని చావులైనా జీవితం ఆగదు, కొత్త తరం పుట్టింది చూడండి అన్నారు. ఇంకొందరు, ద్వేషం తరువాతి తరానికీ అంటుకుంటుందన్న హెచ్చరిక అన్నారు. రెండూ చదువుకున్నవాళ్ల వ్యాఖ్యానాలే. రెండింటిలోనూ ఆ రెండు నినాదాలు సమానం. రెండు మతోన్మాదాలు, ఇద్దరూ దోషులు, లెక్క సరిపోయింది.

కోర్టు కూడా అలాగే చదివింది. 1988 జనవరిలో ప్రసారం మొదలు కాగానే సీరియల్‌ని ఆపాలని బొంబాయి హైకోర్టులో పిటిషన్ పడింది. మొదట స్టే వచ్చింది. తరువాత ఇద్దరు న్యాయమూర్తులు సీరియల్‌ని స్వయంగా చూసి స్టే ఎత్తేశారు. ఆ ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా ప్రసారం ఆపనక్కర్లేదంది. ఒక రచన ప్రభావాన్ని దృఢమైన, వివేకం గల మనిషి కొలతతో చూడాలి గాని, ప్రతిదానికీ బెదిరిపోయేవాడి కొలతతో కాదంది. మొత్తంగా చూస్తే ఇందులో శాంతి సందేశం, సహజీవన సందేశం ఉన్నాయంది. ఆ తీర్పును మేం స్వాగతిస్తాం. సీరియల్ ఆపేసి ఉంటే ఈ దేశం తన మొహం తాను చూసుకునే అవకాశం ఇంకొంత పోయేది. కాని, ఆ బెదిరిపోయేవాడు ఎక్కడుంటాడో, ఎందుకు బెదిరిపోతాడో కోర్టు చూడవలసిన పని కాదు. అది మేం చెప్పాల్సిన మాట.

మాలో ఒకరి ఇంట్లో జరిగింది చెప్తాం. వీధిలో ఉన్న ఒకటి రెండు టీవీల్లో అదొకటి. ఆదివారం పొద్దున రామాయణానికి ఇల్లంతా పొరుగువాళ్లే. అమ్మీ చాపలు వేసేది, చంటిపిల్లల తల్లులకు గోడవార చోటిచ్చేది. శనివారం రాత్రి తమస్‌కి వచ్చింది కొద్దిమందే. వచ్చినవాళ్లలో హిందీ రానివాళ్లకు మేమే ఒక్కో మాటకూ అర్థం చెప్పాం. ఆ రెండు నినాదాలకు మాత్రం ఎవరూ అర్థం అడగలేదు. నినాదాలు వచ్చినప్పుడల్లా అమ్మీ లేచి సౌండు తగ్గించేది. ఎందుకమ్మీ అంటే, ‘బయటికి వినబడుద్ది, మనమే అరుస్తున్నామనుకుంటారు’ అంది.

సెక్యులర్ మిత్రులకు సమానంగా వినిపించిన రెండు నినాదాల్లో ఒకటి మా ఇంటి కిటికీ దాటకూడదు. రెండోది వీధిలోంచి ఎంత గట్టిగా వచ్చినా ఎవరూ సౌండు తగ్గించనక్కర్లేదు. 1990 డిసెంబరులో హైదరాబాద్ తగలబడినప్పుడు పాతబస్తీలో మావాళ్లు చీకట్లో కూర్చుని విన్నది కూడా శబ్దాన్నే. ఏ గల్లీ చివర నుంచి వస్తోంది, దగ్గరవుతోందా, దూరమవుతోందా? అలా విన్న చెవులు తమస్ ముగింపును సందేశంగా వినలేవు.

అందుకే మా గుంపులో ఏళ్ల తరబడి నడిచిన వాదన చిత్రంగా ఉండేది. ఏ నినాదం ముందు వినిపించింది? ఏది గట్టిగా ఉంది? నవలలో నత్థూ చేత పందిని చంపించినవాడు మురాద్ అలీ. పశువుల డాక్టరుకి కావాలని అబద్ధం చెప్పి చంపిస్తాడు. అది మసీదు మెట్ల మీద తేలుతుంది. ఆ పేరు మావాళ్లలో కొందరికి ముల్లులా గుచ్చుకుంది. భీష్మ సాహ్ని ముస్లిం పేరే ఎందుకు పెట్టాడని తగువు. మా జవాబొకటే. నవల చివర్లో శాంతి కమిటీ బస్సెక్కి ఐక్యతా నినాదాలు ఇచ్చేదీ ఆ మురాద్ అలీయే. అలాంటివాళ్లు మాలో లేరా? ఉన్నారు. అల్లర్ల తెల్లారి పోలీస్ స్టేషన్‌లో కుర్చీ దొరికే పెద్దమనుషులు మా మొహల్లాలకు కొత్త కాదు. సాహ్ని వాళ్లను వదలకపోవడమే మాకు నచ్చింది. నవలగా ఆ ముగింపే పదునైంది. సీరియల్ ముగింపు గుండెను పట్టేస్తుంది గాని, బస్సులో ఉన్నవాడిని మరిపిస్తుంది.

అదే ఏడాది ఇంకో ముగింపు మీద ఇంకో రగడ జరిగింది. 1988 జూలై 31న రామాయణం పట్టాభిషేకంతో అయిపోయింది. ఉత్తర కాండ కూడా తీయాలని జలంధర్‌లో, ఇంకొన్ని ఊళ్లలో పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేశారు. వాళ్లలో ఎక్కువమంది వాల్మీకి కులస్తులు. సీతకు ఆశ్రయమిచ్చిన వాల్మీకి కథ ఆ కాండలోనే ఉంది. దేశం మొత్తానికి కథ ముగిసిన చోట వాళ్లకు కథ మొదలే కాలేదు. సమ్మె ఫలించింది, ఉత్తర రామాయణం తెర మీదికొచ్చింది. పత్రికలకు అది వింత వార్త. మాకు మాత్రం ఒక సీరియల్‌ని అంత తెలివిగా చదివిన అభిమానులు మరొకరు కనబడరు. ముగింపులో ఏముంది అని వాళ్లు అడగలేదు. అందులో మేమెక్కడ అని అడిగారు.

ఆ ప్రశ్న తీసుకుని తమస్ దగ్గరికి తిరిగొస్తే మేం సిగ్గుపడాల్సి వస్తుంది. నత్థూ చమార్. తోళ్ల పని చేసుకునేవాడు. తాను చంపిన పంది దేనికి వాడారో తెలిసి, ఆ పాపాన్ని మోసుకుంటూ ముసలి తల్లినీ కడుపుతో ఉన్న భార్యనూ తీసుకుని ఊరొదిలి పారిపోతాడు. తల్లి దారిలోనే పోతుంది. ఆఖరికి తనూ పోతాడు. ఆ ఏడుపు వాళ్ల బిడ్డది. బయట వినిపించే రెండు నినాదాల్లో ఏదీ ఆ బిడ్డది కాదు. మిత్రులు దాన్ని దేశ భవిష్యత్తు అన్నారు. మేం కౌమ్ భవిష్యత్తు గురించి కొట్లాడుకున్నాం. ఏ నినాదం ముందన్నది తేల్చుకోవడానికి ఆ దృశ్యాన్ని ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నామో! అన్నిసార్లూ లోపలున్న మనిషిని దాటేసి బయటి కేకలే విన్నాం.

కర్మోకు ఇప్పుడు ఇల్లు లేదు. భర్త శవం పక్కనే ఉంది. తిరిగి వెళ్తే ఏ వాడకు వెళ్లాలి? తోళ్ల పని ఇక ఎవరు చేయాలి? పక్కనున్న హర్నామ్ సింగ్ కూడా ఇల్లు పోగొట్టుకున్నవాడే. ఆ పాత్ర వేసింది రావల్పిండిలో పుట్టి, అక్కడి ఇల్లు దేశ విభజనలో వదిలొచ్చిన భీష్మ సాహ్ని స్వయంగా. బిడ్డ ఏడుపు వినబడే చోటు పక్కన రచయిత తనే వచ్చి కూర్చున్నాడు. ఇన్నేళ్లూ మేం ఆ వైపు చూడలేదు.