చేతులు చెప్పే కథలు

సికింద్రాబాద్ సైనిక్‌పురిలో ఒక రిటైర్డ్ వింగ్ కమాండర్ గారింటి వరండాలో ఆదివారం సాయంత్రం నలుగురైదుగురు పెద్దవాళ్లు చేరతారు. అందరూ ఎయిర్‌ఫోర్స్‌లో విమానాలు నడిపినవాళ్లే, అందరూ ఎనభై దాటినవాళ్లే. పదిహేనేళ్లుగా ఒక మూల కుర్చీలో కూర్చుని వాళ్ల మాటలు వింటున్నాను. కొత్తగా ఎవరైనా వస్తే ఆయన ఏ విమానం నడిపారో నేను అడగను. కథ ఎత్తుకోగానే ఆయన చేతులే చెప్పేస్తాయి.

ఫైటర్ పైలట్ అయితే రెండు అరచేతులూ గాల్లోకి లేస్తాయి, వేళ్లన్నీ దగ్గరగా, బల్లపరుపుగా. ముందున్న ఎడమ చెయ్యి శత్రువు, వెనక తరుముతున్న కుడి చెయ్యి తాను. ఎడమ చెయ్యి పక్కకు వాలితే కుడి మణికట్టు దానికన్నా ఒక పిసరు ఎక్కువ వాలుతుంది. ఎవరు తక్కువ చోటులో తిరగగలిగితే వాళ్లదే గెలుపు, ఆ పిసరు అర్థం అదే. మధ్యలో మెడ తిప్పి భుజం మీదుగా వెనక్కి చూసుకుంటారు. వెనక ఉన్నది వరండా గోడే. అయినా చూస్తారు.

ట్రాన్స్‌పోర్ట్ పైలట్ చేతులు అంత ఎత్తుకు లేవవు. కెప్టెన్ కూర్చునేది ఎడమ సీట్లో కదా, అందుకని ఎడమ చెయ్యి కనబడని చక్రాన్ని పట్టుకుంటుంది, కుడి చెయ్యి పక్కనున్న థ్రాటిళ్ల మీద, అంటే ఇంజన్ల బలం పెంచి తగ్గించే మీటల మీద, ఆనుతుంది. హెలికాప్టర్ ఆయన ఎడమ చెయ్యి కుర్చీ పక్కన కిందికి జారి, బావిలోంచి నిండు చేద తోడుతున్నట్టు మెల్లగా పైకి లాగుతుంది. కుడి పిడికిలి మోకాళ్ల మధ్య ఉంటుంది. పాదాలు కూడా ఊరుకోవు, చెప్పుల్లోనే నేలను అటూ ఇటూ నొక్కుతుంటాయి. ఇంత పనితనం ఉన్న కథకులు మనకు ఒక్క తోలుబొమ్మలాటలోనే ఉన్నారని నా నమ్మకం.

ఈ కథలు చెప్పుకునే అలవాటు బ్రిటిష్ పైలట్లు చేరి కూర్చునే క్రూ రూముల నుంచి వచ్చిందంటారు. మన వైమానిక దళం పుట్టింది 1932 అక్టోబరు 8న. అప్పటి పైలట్లు టీ కప్పుతోపాటు దీన్ని కూడా అందుకుని ఉంటారు. గొప్పలు పోవడానికి వాళ్ల భాషలో ‘లైన్ షూటింగ్’ అని పేరు. ఎవరైనా కోతలు కోస్తే ఆ మాటను ఒక పుస్తకంలో రాసి, సాక్షుల సంతకాలతో సహా దాచేవారట. పుట్టుపూర్వోత్తరాలు ఇంతకుమించి నాకు అక్కర్లేదు. కోత కోసినవాడికి శిక్ష ఉన్న కథాసంప్రదాయం మరొకటి నాకు తెలియదు, అది చాలు.

శిక్ష ఎందుకంటే, ఈ కథ వింటున్నవాడు మర్నాడు పొద్దున్నే అదే విమానం ఎక్కుతాడు. ఇంజన్ ఏ ఎత్తులో ఆగిందో, ఎంత ఇంధనం మిగిలిందో, గాలి ఎటు నుంచి వీచిందో, చెప్పేవాడు ఒక్క అంకె పెంచినా వినేవాడి ప్రాణానికి ముప్పు. అందుకే నేను విన్న ప్రతి మంచి కథా బరువుతో, ఎత్తుతో, మబ్బుతో మొదలైంది. మనిషి ఆ తర్వాతే వస్తాడు. ఒకసారి కొత్తగా చేరిన పెద్దమనిషి నేరుగా ప్రమాదంలోకి దూకబోతే, మా వింగ్ కమాండర్ గారు చెయ్యి అడ్డం పెట్టారు. “ఏమోయ్, గాలి ఎటుందో చెప్పకుండానే దిగిపోతావేం?” ఆయన మళ్లీ మొదటి నుంచి, గాలితో సహా, చెప్పారు.

తన తప్పు తానే చెప్పుకోవడం రెండో కట్టుబాటు. శత్రువు పొరపాటు కన్నా, యంత్రం లోపం కన్నా ముందు తన పొరపాటు రావాలి. స్విచ్ మరిచిపోయాననో, తొందరపడ్డాననో, లీడర్ చెప్పింది వినిపించుకోలేదనో. ఇక అసలు గండం దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గుతుంది, మాటలు పొట్టివవుతాయి. గొంతు పెంచినవాడు ఆ చోటికి వెళ్లలేదన్నమాట.

నన్నడిగితే కథ చెప్పడంలో ట్రాన్స్‌పోర్ట్ వాళ్ల తర్వాతే ఎవరైనా. ఫైటర్ కథ రెండు నిమిషాల్లో అయిపోతుంది, పోరాటమే అంతసేపు కాబట్టి. డకోటా అనే రవాణా విమానం కథలో గంటల ప్రయాణం ఉంటుంది, వెనక మనుషులుంటారు, చలి ఉంటుంది, దారి తెలియని కొండలుంటాయి. 1948 మే 24న ఎయిర్ కమోడోర్ మెహర్ సింగ్, అందరూ ప్రేమగా ‘బాబా’ అని పిలుచుకున్న మనిషి, జనరల్ తిమ్మయ్యను ఎక్కించుకుని డకోటాను లేహ్‌లో దించాడు. ఆ నేల ఎత్తు 11,500 అడుగులకు పైమాటే. దారి మ్యాపులు లేవు, రెక్కల మీద మంచు పేరుకుంటే వదిలించే సాధనం లేదు. ఈ కథ మా వరండాలో ఎన్నిసార్లు నడిచిందో లెక్కలేదు, కానీ ఏ ఒక్కరూ ‘సాహసం’ అన్న మాట వాడగా నేను వినలేదు. వాళ్లు చెప్పేది గాలి సంగతి. పల్చని గాలిలో ఇంజన్‌కు ఊపిరి అందదు, రెక్కకు పట్టు దొరకదు. డయల్ మీద రోజూ చూసే అంకే కనిపిస్తుంది, విమానం మాత్రం నేల మీదికి అంతకన్నా వేగంగా దూసుకొస్తుంది. కంటికి తోచినదాన్ని నమ్మితే ముందుగానే ముక్కు పైకెత్తుతావు, ఎత్తావా, పడిపోతావు. అంకెను నమ్మాలి. అది చెబుతున్నప్పుడు ఆ కుడి చెయ్యి థ్రాటిళ్లను వెనక్కి లాగే తీరు చూడాలి, పెరుగు కుండ మీది మూత తీసినంత నెమ్మది.

దానికి తమ్ముడి లాంటి కథ ప్యాకెట్ అనే రవాణా విమానానిది. పొట్ట పెద్దది, ఇంజన్ల బలం చాలదు. నెత్తిన ఒక జెట్ ఇంజన్ బిగించారు. చిన్నారి న్యాట్ ఫైటర్‌లో ఉండే ఆర్ఫియస్ రకమే అది. అలాంటి ప్యాకెట్‌ను 1962 జులై 23న స్క్వాడ్రన్ లీడర్ సి.కె.ఎస్. రాజే దౌలత్ బేగ్ ఓల్డీలో దించాడు. ఆ చోటు 16,000 అడుగులు దాటిన ఎత్తు. చైనా సరిహద్దుకు కూతవేటు దూరం. 2008లో ఎ.ఎన్.-32 రవాణా విమానం అదే మట్టి మీద దిగింది. 2013లో సి-130జె దిగినప్పుడు వరండా అంతా పండగైంది. రాజే పేరు తలవకుండా ఆ సాయంత్రం ఎవరూ టీ ముట్టలేదు.

సామాన్లు మోసే విమానంతో బాంబులు వేసిన ఘనత కూడా మా ట్రాన్స్‌పోర్ట్ వాళ్లదే. 1971 డిసెంబరులో వింగ్ కమాండర్ వశిష్ఠ నడిపించిన ఆంటొనోవ్-12లు, వెనక తలుపు తెరిచి, ఛాంగామాంగా అడవిలోని పాకిస్తాన్ మందుగుండు నిల్వల మీద బాంబులు దొర్లించాయి. ఆయనకు మహావీర చక్ర వచ్చింది. ఈ సంగతి మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

ఫైటర్ వాళ్ల బాకీ కూడా తీర్చాలి. 1971 డిసెంబరు 14న ఢాకా గవర్నమెంట్ హౌస్ మీదికి గువాహటి నుంచి నాలుగు మిగ్-21లతో వెళ్లిన వింగ్ కమాండర్ బిష్ణోయ్ చేతిలో ఉన్నది యాత్రికుల కోసం అచ్చువేసిన ఊరి పటం. ముందు చెప్పిన గురి వేరే భవనం. ఆయన విమానమెక్కాక, ఒక చీటీ వచ్చి గురి మారింది. ఆ పటంలో గోరంత చతురస్రాన్ని వెతుక్కుంటూ వెళ్లి, రాకెట్లన్నీ ఆ పైకప్పులోనే దించారు. తూర్పు పాకిస్తాన్ గవర్నర్ అక్కడికక్కడే రాజీనామా రాసిచ్చాడు.

ఓడిపోయిన కథను ఎలా చెప్పాలో దిలీప్ పారుల్కర్ నేర్పారు. యుద్ధఖైదీగా రావల్పిండి శిబిరంలో ఉండి, 1972 ఆగస్టులో గ్రేవాల్, హరీశ్ సింహ్‌జీలతో కలిసి గోడకు కన్నం వేసి, గాలివాన రాత్రి బయటపడ్డారు. పెషావర్ దాటి లండీ కోటల్ చేరారు. అఫ్గాన్ సరిహద్దు ఇంకో నాలుగు మైళ్లు. అక్కడ లండీ ఖానాకు దారి అడిగారు. పాత పటంలో ఆ స్టేషన్ ఉంది, నేల మీద అది ఏనాడో మూతపడింది. అడిగిన ఆ ఒక్క మాటతోనే దొరికిపోయారు. పారుల్కర్ ఈ కథను బతికినంత కాలం చెప్పారు. ఎప్పుడు చెప్పినా తారస్థాయి గోడ కన్నం దగ్గర కాదు, ఆ తప్పు ప్రశ్న దగ్గరే. వాళ్ల ప్రాణాలు నిలబెట్టినది అంతకుముందు ఖైదీల శిబిరం చూసుకున్న పాకిస్తానీ అధికారి ఉస్మాన్ హమీద్ ఫోన్‌లో చెప్పిన మాట అని కూడా ఏనాడూ దాచలేదు. శత్రువుకు ఇవ్వాల్సిన గౌరవం ఇవ్వకపోతే అది క్రూ రూమ్ కథే కాదు.

కథ చెప్పేవాడు తిరిగి రాకపోతే ఏమవుతుందో దేవయ్య గారి ఉదంతం చూడండి. 1965 సెప్టెంబరు 7న పాకిస్తాన్‌లోని సర్గోధా వైమానిక స్థావరం మీద దాడికి మన మిస్టేర్ విమానాలు వెళ్లాయి. కొడగు బిడ్డ స్క్వాడ్రన్ లీడర్ ఎ.బి. దేవయ్యది అందులో స్టాండ్‌బై విమానం, అంటే వేరొకటి ఆగిపోతే దాని బదులు వెళ్లేది. ఆయన తిరిగి రాలేదు. ఏమైందో మనవాళ్లెవరూ చూడలేదు కాబట్టి కాగితం మీద ‘ఆచూకీ లేదు’ అన్న మాటే మిగిలింది. పద్నాలుగేళ్ల తర్వాత, పాకిస్తాన్ వైపు కథలు పోగుచేసి ఒక బ్రిటిష్ రచయిత వేసిన పుస్తకంలో సంగతి బయటపడింది. ధ్వనికి రెట్టింపు వేగంతో పోయే పాకిస్తానీ స్టార్‌ఫైటర్‌ను, తిన్నగా ఎగిరితే ధ్వని వేగమైనా అందుకోని మిస్టేర్‌తో దేవయ్య కూల్చాడు. పారాచూట్‌తో బయటపడిన ఆ పాకిస్తానీ పైలట్ వల్లే మన వీరుడి కథ బతికింది. ఆనాటి దాడికి నాయకత్వం వహించిన తనేజా పట్టు వదలకుండా అడగగా అడగగా, 1988లో మహావీర చక్ర వచ్చింది. ఇరవై మూడేళ్లు! కథ అంటే కాలక్షేపం అనేవాళ్లకు నేను చెప్పే జవాబు దేవయ్య.

ఈ సంపద మన హైదరాబాద్‌లోనే ఉంది. పైలట్లను తయారుచేసే ఎయిర్‌ఫోర్స్ అకాడమీ దుండిగల్‌లో ఉంది. హకీంపేట మీద శిక్షణ విమానాల మోత వినని సికింద్రాబాద్ వాడు లేడు. విభజన నాడు అస్గర్ ఖాన్, నూర్ ఖాన్ లాంటి మిత్రులు పాకిస్తాన్‌కు రమ్మని పిలిచినా వెళ్లక, 1978లో ఎయిర్ చీఫ్ అయిన ఇద్రిస్ లతీఫ్ హైదరాబాద్‌లో పుట్టి, 2018లో ఇక్కడే కన్నుమూశారు. 1984లో అంతరిక్షానికి వెళ్లిన రాకేశ్ శర్మ చదువు ఇక్కడే. ఇద్దరూ నిజాం కాలేజీ వాళ్లే. ఇన్ని ఉండి, పైలట్లు చెప్పుకున్న కథలు తెలుగులో నిండుగా ఒక్క సంపుటమైనా నా బీరువాలోకి రాలేదు. ఆ కొరతను తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

బదులుగా వస్తున్నదేమిటి? ఫోన్లలో తిరిగే వీడియోలు. సెఖోన్ కథనే తీసుకోండి. 1971 డిసెంబరు 14న శ్రీనగర్ రన్‌వే మీద బాంబులు పడుతుండగా న్యాట్‌లో లేచి, ఆరు పాకిస్తానీ సేబర్ విమానాలను ఎదిరించి ప్రాణమిచ్చిన మనిషి. వైమానిక దళంలో పరమవీర చక్ర ఆయన ఒక్కడికే. ఆ నిజానికి ఇంకేం కలపాలి? అయినా కలుపుతున్నారు. శత్రు విమానాల లెక్క పెంచుతారు, ఆయన నోట అనని డైలాగులు పెడతారు, వెనక డప్పులు మోగిస్తారు. తెర మీద హీరో రేడియోలో గొంతు చించుకుంటాడు. నిజమైన రేడియోలో ఒకరు బటన్ నొక్కి మాట్లాడుతున్నంతసేపూ అదే ఫ్రీక్వెన్సీ మీదున్న మిగతావాళ్ల నోళ్లు మూతపడతాయి. నువ్వు శపథాలు చేస్తుంటే పక్కవాడు నీ వెనక శత్రువున్నాడని చెప్పలేడు. పొట్టిమాట అక్కడ ప్రాణరక్ష. అది తెలియనివాళ్లు వీరగాథలు అల్లడం ఆ చనిపోయినవాళ్లకు చేస్తున్న అపచారం.

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21కు వీడ్కోలు చెప్పారు. 1963 నుంచి దేశానికి కాపలా కాసిన విమానం. ఆ రోజంతా టీవీల్లో ‘ఎగిరే శవపేటిక’ అన్న ఒకే మాట. దాన్ని నడిపి, నేర్పి, దింపి, చక్కగా ఇల్లు చేరిన వందల మందిని పిలిచి, ఆ సన్నని రెక్కల విమానం ల్యాండింగులో ఎలా ఉండేదో చేతులతో చూపించండి సార్ అని అడిగినవాళ్లు నాకు కనబడలేదు.

మా వీధి చివర పాత పేపర్ల బండిలో ఒకసారి గట్టి అట్ట పుస్తకం కనబడింది. పైలట్ లాగ్‌బుక్. పగటి గంటలు నల్లసిరాతో, రాత్రి గంటలు ఎర్రసిరాతో, ముత్యాల్లాంటి అక్షరాలు. ఇల్లు ఖాళీ చేస్తూ ఎవరో కిలోల లెక్కన వేసేశారు. మూడు వేల గంటల ఆకాశం! కొనుక్కున్నాను. ఎవరిదో తెలుసుకుని ఇద్దామంటే మొదటి పేజీ చిరిగిపోయి ఉంది.

అందుకే అడుగుతున్నాను. సైనిక్‌పురిలో, యాప్రాల్‌లో, విశాఖలో, మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఇలాంటి పెద్దవాళ్లుంటే, ఈ వారమే వెళ్లండి. ఫోన్‌ను బల్లకు ఆనించి, మొహంతోపాటు చేతులు కూడా కనబడేలా పెట్టండి. గాలి ఎటు నుంచి వీచిందో అడగండి. తర్వాత మీరు మాట్లాడకండి.

కిందటి నెల నేను వింగ్ కమాండర్ గారిని రికార్డు చేశాను. లద్దాఖ్‌లో ఇరుకు లోయ, వెనక్కి తిరగడానికి చోటు లేదు, కింద జవాన్లకు బియ్యం బస్తాలు జారవిడవాలి. నలభై ఒకటో నిమిషంలో నావిగేటర్ పేరు వచ్చింది. ఆయన ఆగిపోయారు. చాలాసేపు కుక్కర్ విజిల్, వీధిలో ఆటో తప్ప ఇంకేమీ వినబడదు. కుడి చెయ్యి మాత్రం గాల్లో, థ్రాటిళ్ల మీదే ఉంది. చివరికి నెమ్మదిగా దాన్ని ఒడిలోకి దించుకుని, “మళ్లీ ఆదివారం రావోయ్, ఇంకా లోయలోనే ఉన్నాం” అన్నారు.