నూయర్ల దేవుడు ఎవరి లెక్కలో ఉన్నాడు?

సూడాన్ గురించి వచ్చిన వార్తలూ పాఠాలూ చాలా కాలం ఒకే వాక్యం మీద నడిచాయి. ఉత్తరాన అరబ్బు ముస్లింలు, దక్షిణాన క్రైస్తవులు, ఇద్దరికీ యుద్ధం. ఈ వాక్యంతో మనకు రెండు అభ్యంతరాలున్నాయి. అది యుద్ధానికి గల కారణాలను దాచేస్తుంది. డింకా, నూయర్, షిల్లుక్ వంటి జాతులకు సొంత విశ్వాసాలున్నాయన్న సంగతినే చెరిపేస్తుంది.

ముందు కారణాలు చూద్దాం. సూడాన్‌కు స్వాతంత్ర్యం 1956 జనవరి 1న వచ్చింది. అంతకు ముందే, 1955 ఆగస్టులో, తోరిత్‌లో దక్షిణాది సైనికులు తిరగబడ్డారు. బ్రిటిష్ వారు ఖాళీ చేసిన పెద్ద ఉద్యోగాలు దాదాపు అన్నీ ఉత్తరాది వారికే పోవడం ఆ అసంతృప్తికి ఒక కారణం. 1972 అడిస్ అబాబా ఒప్పందం దక్షిణానికి స్వపరిపాలన ఇచ్చింది. 1978లో నూయర్ల నేల బెంతియు దగ్గర చమురు బయటపడింది. 1983లో అధ్యక్షుడు నిమేరీ ఆ స్వపరిపాలనను రద్దు చేసి, దక్షిణాన్ని మూడు ముక్కలు చేశాడు. అదే ఏడాది సెప్టెంబరులో షరియా చట్టాలు తెచ్చాడు. షరియా ఒక్కదాన్నే చెప్పి నేలనూ చమురునూ వదిలేస్తే అది సగం కథే. ఆ చట్టాలను ఎదిరించిన మహమూద్ మహమ్మద్ తాహా ముస్లిం మేధావి. ఆయనను 1985 జనవరిలో ఉరితీశారు. అంటే ఇస్లాం కూడా అక్కడ ఒకే గొంతు కాదు.

తర్వాతి చరిత్ర ఆ వాక్యాన్ని ఇంకా బలంగా కొట్టేసింది. 2003లో మొదలైన దార్ఫూర్ మారణకాండలో చంపినవారూ ముస్లింలే, చచ్చిన ఫుర్, మసాలిత్, జఘావా ప్రజలూ ముస్లింలే. 2011 జూలై 9న దక్షిణ సూడాన్ వేరు దేశమైంది. రెండున్నరేళ్లు తిరక్కుండానే, 2013 డిసెంబరులో, సాల్వా కీర్, రియెక్ మచార్ వర్గాలు కొట్టుకున్నాయి. ఇద్దరు నాయకులూ క్రైస్తవులే. 2023 ఏప్రిల్ 15 నుంచి సూడాన్‌ను కాలుస్తున్న సైన్యాధిపతులిద్దరూ ముస్లింలే.

ఇక రెండో అభ్యంతరం. నూయర్ల విశ్వాసం మీద ప్రసిద్ధ గ్రంథం ఇవాన్స్-ప్రిచర్డ్ రాసిన ‘నూయర్ రెలిజియన్’, 1956 నాటిది. నూయర్లు ‘క్వోత్’ అని పిలిచే దైవం గురించి ఆయన గౌరవంగా రాశాడు. అది మూఢనమ్మకం కాదని, లోతైన ఆలోచన అని నిలబెట్టాడు. ఆ మేలు మనం కాదనం. కానీ ఆయన్ని నూయర్ల దగ్గరికి పంపింది వారిని అణచిన ప్రభుత్వమే. కుమ్రం భీం పోరాటం తర్వాత హైమన్‌డార్ఫ్‌ను గోండుల దగ్గరికి నిజాం ప్రభుత్వం పంపడం మనకు తెలుసు. తుపాకి వెనుక పుస్తకం రావడం రెండుచోట్లా జరిగింది. అందుకే ఇలాంటి పుస్తకాలను గౌరవిస్తూనే నిలదీసి చదవాలి.

ఆ పుస్తకం తక్కువ చేసి చూసినవారు నూయర్ ప్రవక్తలు. వారిలో న్గుండెంగ్ బోంగ్ ముఖ్యుడు. 1906లో చనిపోయాడు. రోగాలనూ కీడునూ పూడ్చిపెట్టే చోటుగా ఒక పెద్ద మట్టి దిబ్బ కట్టించాడు. పాలకుల కాగితాల్లో అతను అల్లరి రేపే మంత్రగాడు. 1928లో బ్రిటిష్ వారు ఆ దిబ్బను మందుగుండుతో పేల్చారు. మరుసటి ఏడాది అతని కొడుకు గ్వెక్‌ను అక్కడే చంపారు. నూయర్ల నోటి చరిత్రను సేకరించిన డగ్లస్ జాన్సన్ 1994లో ‘నూయర్ ప్రాఫెట్స్’ రాశాడు. అందులో కనిపించే న్గుండెంగ్ పొరుగు జాతులతో శాంతి కోరినవాడు. ముసలివాళ్ల మాట వినకపోతే ఈ మనిషి మనకు దొరికేవాడే కాదు.

అతని ఆచార దండం 2009లో తిరిగి జూబాకు చేరింది. దాన్ని అందుకున్నది రియెక్ మచార్. నాలుగేళ్లకే యుద్ధం వచ్చింది, అందులో ఒక పక్షానికి నాయకుడు ఆయనే. శాంతి కోరినవాడి కర్ర ఇంట్లో ఉన్నంత మాత్రాన శాంతి రాదు. పరాయి పాలకుడు మన దేవుణ్ణి పేల్చేస్తే మనకు కోపం వస్తుంది. మన నాయకుడే ఆ దేవుణ్ణి తన పదవికి వాడుకున్నప్పుడు ఆ కోపం ఎందుకు రాదు?

ఈ ప్రశ్న మనకు దూరం కాదు. మన జనగణనలోనూ ఆరు మతాలకే సొంత గడులు. మిగతా వారంతా ‘ఇతరులు’. మన పేరు లేని లెక్కలో మన మీద ఎవరైనా ఏ పేరైనా రాయవచ్చు.

ఉపాధ్యాయులు సూడాన్ పాఠం చెప్పేటప్పుడు పిల్లల చేత మూడు ప్రశ్నలు అడిగించాలి. ఆ నేల కింద ఏముంది? ఆ గీత ఎవరు గీశారు? ఈ కథలో ఎవరి దేవుడి పేరు చెప్పలేదు? మన ఊళ్ల గురించి వచ్చే వార్తలనూ ఇవే ప్రశ్నలతో చదవడం పిల్లలు అలాగే నేర్చుకుంటారు.