పేరులేని ఆలంబనం: ‘ది గిఫ్ట్ ఆఫ్ ఇండియా’లో సైనిక స్మృతి

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో పది లక్షలకు పైగా భారతీయ సైనికులు, సహాయక సిబ్బంది విదేశీ రణరంగాలకు తరలివెళ్ళారు. సుమారు 74 వేల మంది మరణించారు. యుద్ధం ముగియకముందే ఆ మరణాలను వస్తువుగా స్వీకరించి, హైదరాబాదు కవయిత్రి సరోజినీ నాయుడు 1915లో ‘ది గిఫ్ట్ ఆఫ్ ఇండియా’ అనే ఆంగ్ల కవితను రచించారు. అది 1917లో ‘ది బ్రోకెన్ వింగ్’ సంపుటిలో చేరింది. మృతులను స్మరించమని కోరే ఈ కవిత నిజానికి ఎవరిని స్మరిస్తున్నదో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కవితలో వక్త భారతమాత. తన సంపదలతో పాటు బిడ్డలనూ ఇచ్చానని చెప్పి, శాంతి నెలకొన్ననాడు వారి రక్తాన్ని మరువవద్దని కోరుతుంది. ఇందులోని అంగిరసం కరుణం. శోకానికి ఆశ్రయం తల్లి, ఆలంబనం మృతసైనికుడు. తల్లి కన్నీరు, ప్రార్థన, గర్వం సమగ్రంగా చిత్రితమయ్యాయి. సైనికునికి మాత్రం ఉపమానాలే దక్కాయి: పర్షియా తీరాన ముత్యాలు, ఈజిప్టు ఇసుకలో గవ్వలు, ఫ్రాన్స్ మైదానాల్లో రాలిన పూలు. మూడూ సుందరమైనవే, కాని మూడూ రాశిగా చూడదగినవి. ఒక ముత్యాన్ని మరొక ముత్యం నుండి వేరుగా గుర్తించే అవసరం వీటిలో లేదు.

ఈ పేరులేనితనం శిలాస్మారకాలలోనూ కనిపిస్తుంది. మెసపొటేమియా దండయాత్రలో మరణించి, సమాధి తెలియని వారికోసం బస్రాలో నిర్మించిన స్మారకాన్ని 1929లో ఆవిష్కరించారు. దానిపై భారతీయ అధికారుల పేర్లు చెక్కారు. సాధారణ భారతీయ సైనికులను మాత్రం దళాలవారీగా అంకెల్లో చూపారు. ఫ్రాన్స్‌లోని నవ్ షాపెల్ స్మారకం (1927) మాత్రం 4,700కు పైగా భారతీయుల పేర్లను నమోదు చేసింది. అంటే పేరు దక్కడం మరణించిన చోటును, హోదాను బట్టి నిర్ణయమైంది. కామన్వెల్త్ యుద్ధసమాధుల కమిషన్ 2021లో ఈ అసమానతను అంగీకరించి క్షమాపణ చెప్పింది.

అయితే కవితనూ శిలనూ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. శిల పాలకుల లెక్క. కవిత పాలితుల గొంతు. కానుకను రుణంగా మార్చి పాలకుల ముందుంచడం 1915 నాటికి సాహసమే. కాని ఆ రుణం దేశానికి రావలసినది, సైనికునికి కాదు. తల్లి ఇచ్చిన కానుకకు సొంత ఇచ్ఛ ఉండదు.

ఆ ఇచ్ఛ ఫ్రాన్స్ నుండి సైనికులు ఇళ్ళకు పంపిన లేఖల్లో వినిపిస్తుంది. సెన్సారు అధికారులు అనువదించి భద్రపరచిన భాగాలలో చలి, జీతం, పరువు, ఇంటి బెంగ ఉన్నాయి. సైన్యంలో చేరవద్దని బంధువులకు సంకేతంగా చేసిన హెచ్చరికలూ ఉన్నాయి. అక్కడ సైనికుడు శోకానికి ఆలంబనం కాదు, స్వయంగా ఆశ్రయం. అందువల్ల ఈ కవితను ఆ లేఖలతో కలిపి బోధించడం అవసరం. తల్లి శోకాన్ని మాత్రమే విని ముగించే పఠనం, కవిత కోరిన స్మరణను సగంలోనే విడిచిపెడుతుంది.