గ్రాఫులో చిన్న మూపురం

సముద్రపు అడుగు బురదలో బ్యాక్టీరియా కొవ్వుల్ని వెతకడం మా పని. అందులో సగం గాజుసామాను కడగడమే అంటే కొత్తగా చేరిన పిల్లలు నమ్మరు. కడిగితే చాలదు, 450 డిగ్రీల కొలిమిలో గంటల తరబడి కాల్చాలి. ఒట్టి వేలు తగిలిందా, మన చర్మం మీది స్క్వాలీన్ అనే కొవ్వు యంత్రం గీసే గ్రాఫులో నిటారుగా లేచి కూర్చుంటుంది. మేం వెతికేవేమో గ్రాము మన్నులో నానోగ్రాములు!

వాటిలో నాకు ముచ్చటైనది లాడరేన్. చదరపు కార్బన్ వలయాలు నిచ్చెన మెట్లలా ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. 2002లో నెదర్లాండ్స్‌కు చెందిన సినింగె డామ్‌స్టే బృందం దీన్ని బయటపెట్టింది. ఇది అనామాక్స్ బ్యాక్టీరియా సొత్తు. ఆక్సిజన్ లేనిచోట అవి అమ్మోనియంనూ నైట్రైట్‌నూ కలిపి నత్రజని వాయువు చేసేస్తాయి. నాచుకు ఎరువు కావలసింది కాస్తా గాలిపాలవుతుంది. మధ్యలో హైడ్రజీన్ పుడుతుంది, రాకెట్లలో మండించే ఆ విషమే. అది బయటికి పొక్కకుండా ఈ దట్టమైన కొవ్వు పొరే అడ్డుకుంటుందని మొదట్లో గట్టిగా అనుకున్నారు.

తంటా ఏమిటంటే, లాడరేన్ వేడికి తాళదు. బురదలో లోతుకు పోయేకొద్దీ తరిగిపోతుంది కూడా. అయినా అరేబియా సముద్రం ఈశాన్యంలో 1,40,000 ఏళ్ల వెనక్కి దాని జాడ పట్టారు. అంతకన్నా పాత మట్టికి అనామాక్స్ జాడ చెప్పే మొండి ఘటం మరొకటుంది, బీహెచ్‌టీ-ఎక్స్ అనే కొవ్వు. బీహెచ్‌టీ అనే మామూలు బ్యాక్టీరియా కొవ్వుతో బరువు సమానం, పరమాణువుల అమరికలోనే తేడా. యంత్రంలోంచి కాస్త ఆలస్యంగా వస్తుంది కనుక పెద్ద శిఖరం పక్కన చిన్న మూపురంలా కనిపిస్తుంది. తొందరపడి రెండూ కలిపి లెక్కేస్తే అంతే సంగతులు.

మన బంగాళాఖాతం సంగతి మరీ విచిత్రం. నదుల మంచినీరు పైన పరుచుకుని, కిందికి గాలి సరిగా అందనివ్వదు. నడిలోతుల్లో ఆక్సిజన్ దాదాపు సున్నా, కానీ పూర్తిగా సున్నా కాదు. ఆ కొసరే నత్రజని నష్టాన్ని ఆపుతోందని 2017లో వచ్చిన కొలతలు చెప్పాయి. ఆ కొసరు కూడా లేని రోజులు గతంలో ఉన్నాయా? నీళ్లలోకి దించే సెన్సర్‌కు నేటి మాటే తెలుసు, పాత మాట మన్నే చెప్పాలి. ఆ మన్నులో బీహెచ్‌టీ-ఎక్స్ మూపురం లేవకపోయినా నా దృష్టిలో అదీ ఫలితమే. కాకపోతే ‘లేదు’ అని రాసే ముందు, అదే మన్నులో తెలిసిన కొవ్వును కొలిచి కలిపి, అది మళ్లీ మా చేతికి వస్తోందో లేదో చూసుకోవాలి.