బెజ్జం మాత్రమే వేసే యంత్రం

ముంబై లామింగ్టన్ రోడ్డు మేడల మీద, చిన్న చిన్న గదుల్లో ఎలక్ట్రానిక్స్ పని చేసుకునేవాళ్లకు ఇప్పుడు దాదాపు అన్నీ అందుబాటులోకి వచ్చాయి. సర్క్యూట్ గీసుకోవడానికి కైక్యాడ్ ఉచితంగా దొరుకుతుంది. మైక్రోకంట్రోలర్ చిప్పు ఒక పూట భోజనం ఖర్చుకే వస్తుంది. రాగిరేకు అంటించిన బోర్డు మీదికి గీతలు దించి ఫెర్రిక్ క్లోరైడ్‌లో వేస్తే కాసేపటికి ట్రాకులు తేలతాయి. ఆ తర్వాతి పని మాత్రం ఇంకా చేతి మీదే ఉంది. ప్రతి ప్యాడ్ నడుమ ఒక బెజ్జం వేయాలి. నలభై కాళ్ల ఐసీ ఒకటుంటే దానికే నలభై బెజ్జాలు. రిలేలు, కనెక్టర్లు, రెసిస్టర్లు కలుపుకుంటే అరచేయంత బోర్డుకు రెండు మూడు వందలు అవుతాయి. ఈ వారం ఆ బెజ్జాల గురించే.

మనముండే కామాటిపుర నుంచి లామింగ్టన్ రోడ్డుకు నడిచే వెళ్తాం. 1903 నుంచి 1907 దాకా బొంబాయి గవర్నరుగా ఉన్న లామింగ్టన్ పేరది. మునిసిపాలిటీ బోర్డు మీద డాక్టర్ దాదాసాహెబ్ భడ్కంకర్ మార్గ్ అని ఉంటుంది. ఇంకో పక్కకు నడిస్తే చోర్ బజార్, దక్షిణానికి పోతే పనిముట్లూ బేరింగులూ అమ్మే నాగ్‌దేవి స్ట్రీట్. ఇన్ని బజార్ల నడుమ ఉన్న మన చాళ్లలో రిపేరు పని పుట్టకుండా ఎలా ఉంటుంది? పద్దెనిమిదో శతాబ్దం చివర నిజాం ఇలాకా నుంచి వచ్చిన కామాటీలు రాళ్లు మోసి, సున్నం కలిపి ఈ నగరాన్ని కట్టారు. వాళ్ల తర్వాతి తరాలు మిల్లుల్లో, మగ్గాల మీద, బీడీ చాటల ముందు బతికాయి. ఆ తర్వాత రేడియో, టీవీ, ఇన్వర్టర్, మొబైల్ వచ్చాయి. పని మారినా బరువు పడేది చేతుల మీదే.

చేత్తో బెజ్జాలు వేసేవాళ్లను చూస్తూ పెరిగాను. పన్నెండు వోల్టుల చిన్న మోటారుకు చక్ బిగించిన డ్రిల్లు ఒక చేతిలో ఉంటుంది, బోర్డును రెండో చెయ్యి అదిమిపడుతుంది. మెడ వంచి, ఊపిరి బిగబట్టి దించాలి. సాయంత్రానికి బొటనవేలి మొదట్లో సలుపు, కళ్ల వెనక పోటు. మా గల్లీలో రేడియోలతో మొదలుపెట్టి ఇన్వర్టర్ల దాకా వచ్చిన ఒక పెద్దమనిషిని ఒకసారి అడిగాను: ‘‘కాకా, ఇంకా మంచి బిట్లు తెచ్చుకోరాదే?’’

‘‘బిట్టు మంచిదే బిడ్డా. చెయ్యి వణికితె అదేం జేస్తది?’’ అన్నాడు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మామూలు బోర్డు మందం 1.6 మిల్లీమీటర్లు. హైదరాబాద్ కంపెనీ పేరు మీద మనవాళ్లు హైలం అనే కాగితపు పొరల షీటైతే మామూలు ఉక్కు బిట్టుతో కూడా తెగుతుంది. ఎఫ్ఆర్-4 బోర్డు అలా కాదు. అది గాజు నారతో నేసిన గుడ్డను ఎపాక్సీతో బిగించిన పలక. గాజు ఉక్కు అంచును త్వరగా అరగదీస్తుంది. అందుకే టంగ్‌స్టన్ కార్బైడ్ బిట్లు వాడతారు. కార్బైడ్ గట్టిది, కానీ పెళుసు. వెంట్రుకల గుత్తంత సన్నగా ఉండే 0.8 మిల్లీమీటర్ల బిట్టు నిలువుగా పడే ఒత్తిడిని బాగానే ఓర్చుకుంటుంది, పక్కకు కాస్త నెట్టితే పుటుక్కున విరుగుతుంది. మనిషి చెయ్యి ఎంత నేర్పు గలదైనా పక్కకు నెట్టకుండా ఉండలేదు.

అందుకని యంత్రం కావాలి. చైనా నుంచి వచ్చే 3018 రకం బల్లమీది సీఎన్‌సీలు, అంటే కంప్యూటర్ ఆజ్ఞలతో నడిచే యంత్రాలు, మార్కెట్లో ఉన్నాయి. 300 మిల్లీమీటర్ల పొడవు, 180 వెడల్పు పనిస్థలం కాబట్టి ఆ పేరు. అవి చెక్క చెక్కుతాయి, ప్లాస్టిక్ కోస్తాయి, పేర్లు గీస్తాయి, బెజ్జాలూ వేస్తాయి. చెక్కే యంత్రానికి పక్కబలం తప్పదు. దాన్ని తట్టుకోవాలంటే చట్రం బరువుగా ఉండాలి, మూడు దిక్కులా స్క్రూలు ఉండాలి. ఆ బలం ఇస్తే ధర పెరుగుతుంది, ధర తగ్గిస్తే ఆ బలం పోతుంది. ఒక మెకానిక్ నెల సంపాదనలో సగమైనా దాటకుండా యంత్రం చేయాలనుకున్నప్పుడు నేను వేసుకోవలసిన ప్రశ్న వేరని అప్పుడు అర్థమైంది: బెజ్జానికి నిజంగా ఏం కావాలి?

బెజ్జం వేసేటప్పుడు బిట్టు నిలువుగా దిగుతుంది, నిలువుగా లేస్తుంది. ఆ క్షణంలో పక్కకు కదిలే పనే లేదు. ఎక్స్, వై దిక్కులు చేయాల్సిందల్లా చెప్పిన చోటికి వెళ్లి కదలకుండా నిలబడటం. ఎంత కచ్చితంగా నిలబడాలి? 1.6 మిల్లీమీటర్ల ప్యాడ్‌లో 0.8 బెజ్జం వేస్తే చుట్టూ 0.4 మిల్లీమీటర్ల రాగి మిగులుతుంది. బెజ్జం పదో వంతు మిల్లీమీటరు అటూ ఇటూ అయినా టంకం పట్టుకుంటుంది. అంటే ఇక్కడ కావలసిన కచ్చితత్వం 0.1 మిల్లీమీటరు. అంతకు మించి పెట్టే ప్రతి రూపాయీ వృథా.

ఈ లెక్క ఒప్పుకుంటే స్క్రూల బదులు పళ్ల బెల్టు చాలు. స్టెప్పర్ మోటారు ఒక చుట్టుకు 200 అడుగులు వేస్తుంది. దాన్ని నడిపే డ్రైవరు చిప్పు ఒక్కో అడుగును 16 ముక్కలు చేస్తుంది, మొత్తం 3,200. రెండు మిల్లీమీటర్లకో పన్ను ఉన్న బెల్టు, ఇరవై పళ్ల చక్రం పెడితే ఒక చుట్టుకు 40 మిల్లీమీటర్లు కదులుతుంది. భాగిస్తే మిల్లీమీటరుకు 80 అడుగులు, అడుగుకు 0.0125 మిల్లీమీటరు. మనకు కావలసినదానికి ఇది ఎనిమిది రెట్లు సన్నం. బెల్టు కాస్త సాగుతుందన్న భయం ఉంటే రెండు బెజ్జాలు వంద మిల్లీమీటర్ల దూరంలో వేయించి, వెర్నియర్‌తో కొలిచి, వచ్చిన తేడాను ప్రోగ్రాంలో సరిచేయవచ్చు. చోటు చేరాక బెల్టు ఊగిసలాట ఆగేందుకు సెకనులో పదో వంతు ఆగి, అప్పుడు బిట్టు దిగాలి. ఖరీదైన చట్రం చేసే పనిని ఆ చిన్న విరామం చేసిపెడుతుంది.

ఈ బెల్టులూ మోటార్లూ ఇంత చవకగా రావడానికి త్రీడీ ప్రింటర్లు కారణం. ఇంగ్లండ్‌లోని బాత్ విశ్వవిద్యాలయంలో 2005లో ఏడ్రియన్ బోయర్ మొదలుపెట్టిన రెప్‌రాప్ ఎవరైనా ఇంట్లో చేసుకోగల ప్రింటరు కోసం వచ్చింది. ఆ ప్రింటర్లు పెరిగిన కొద్దీ వాటి విడిభాగాలు లామింగ్టన్ రోడ్డు గాజు అరల్లోకి చేరాయి. యంత్రానికి మెదడుగా ఆర్డుయినో ఊనో చాలు. నార్వే ప్రోగ్రామర్ సిమెన్ స్వాలె స్కోగ్స్‌రూడ్ 2009లో రాసిన జీఆర్‌బీఎల్ అనే ప్రోగ్రాం అందులోని 32 కిలోబైట్లలో ఇమిడిపోయి మూడు మోటార్లనూ నడుపుతుంది. దాన్ని వాడుకోవడానికి ఎవరికీ పైసా కట్టనక్కరలేదు. ఇంకా తగ్గించాలంటే చోర్ బజార్ దారి ఉంది. పాత స్కానర్లలో, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లలో మంచి స్టెప్పర్ మోటార్లు, అద్దంలా నున్నటి ఉక్కు కడ్డీలు దొరుకుతాయి.

డబ్బు పెట్టాల్సిన చోటు ఒకటే: బిట్టును తిప్పే స్పిండిల్. చవక యంత్రాల్లో మోటారు ఇరుసుకు ఒక గొట్టం తొడిగి పక్క నుంచి మర బిగిస్తారు. ఆ మర ఇరుసును ఒక వైపుకు నెడుతుంది, బిట్టు కొస తిన్నగా తిరగకుండా వలయం గీస్తుంది. కార్బైడ్‌కు అదే మృత్యువు. నేను ఎంచుకున్న దారిలో బిట్టును పట్టుకునే, ఎనిమిది మిల్లీమీటర్ల ఇరుసున్న ఈఆర్-11 కొలెట్‌ను రెండు బేరింగుల మధ్య నిలబెట్టి, పక్కనున్న మోటారు నుంచి బెల్టుతో తిప్పుతాం. బేరింగులు 608 రకం, స్కేటింగ్ చక్రాల్లో ఉండేవే. మంచి కంపెనీవి నాగ్‌దేవిలో అడిగి తెచ్చుకోవచ్చు. మోటారు వణికినా ఆ వణుకు బిట్టుదాకా రాదు. నిమిషానికి 20,000 చుట్లు తిరిగితే 0.8 బిట్టు అంచు నిమిషానికి 50 మీటర్ల వేగంతో గాజును కోస్తుంది. అదే నిమిషంలో 200 మిల్లీమీటర్ల చొప్పున కిందికి దించితే చుట్టుకు 0.01 మిల్లీమీటరు తెగుతుంది. పెద్ద ఫ్యాక్టరీల్లో లక్ష చుట్లు దాటే స్పిండిళ్లు ఉంటాయి, వాళ్లకు సెకనుకు కొన్ని బెజ్జాలు కావాలి. మనకు మూడు సెకన్లకు ఒకటి పడినా మూడు వందల బెజ్జాల బోర్డు పావుగంటలో అయిపోతుంది.

లోతు కొలవడానికి విడిగా సెన్సరు కొననక్కరలేదు. బోర్డు మీద ఉన్నది రాగే కదా! బోర్డుకు ఒక తీగ, బిట్టుకు ఒక తీగ తగిలించి, తిప్పకుండా మెల్లగా దించాలి. బిట్టు రాగిని తాకగానే సర్క్యూట్ కలుస్తుంది, యంత్రం అక్కడ సున్నా రాసుకుంటుంది. 0.8 తీసి 1.0 బిట్టు పెట్టిన ప్రతిసారీ ఇదే పద్ధతి. బోర్డు కింద ఒక పాత హార్డ్‌బోర్డు ముక్క పరిస్తే లోతు కొంచెం ఎక్కువైనా నష్టం లేదు.

చిక్కంతా బెజ్జాన్నీ ప్యాడ్‌నూ కలపడంలో ఉంది. ముందే ట్రాకులు తేల్చిన బోర్డును యంత్రంలో ఎంత జాగ్రత్తగా పెట్టినా వెంట్రుకవాసి వంకర ఉంటుంది. అందుకు రెండు మూలల్లో ఉన్న ప్యాడ్ల మీదికి బిట్టును తీసుకెళ్లి ‘ఇది మొదటిది, ఇది రెండోది’ అని చెప్పాలి. ఆ రెండు బిందువుల నుంచి వంకర కోణం, సాగిన కొలత పదో తరగతి త్రికోణమితితో తేలిపోతాయి. నాకు ఇంకా నచ్చిన పద్ధతి ముందు బెజ్జాలు వేసి తర్వాత ట్రాకులు దించడం. ట్రాకులు అచ్చువేసిన టోనరు కాగితాన్ని బోర్డు మీద పెట్టి దీపానికి అడ్డంగా పట్టుకుంటే బెజ్జాల్లోంచి వెలుగు వస్తుంది, ప్యాడ్లు వాటి మీదికి సర్దుకుంటాయి. ప్యాడ్లను వెతకడానికి కెమెరా పెట్టే ఖర్చు తప్పుతుంది.

చాల్లోని ఖోలీ కూడా ఈ యంత్రానికి షరతులు పెడుతుంది. వంట, నిద్ర, పిల్లల చదువు అన్నీ జరిగే గది అది. కాబట్టి యంత్రం మంచం కిందికి వెళ్లేంత పొట్టిగా ఉండాలి. కింద రబ్బరు దిమ్మలు, చుట్టూ మూత ఉన్న పెట్టె తప్పనిసరి. పెట్టె శబ్దం కోసమే అనుకోవద్దు. ఎఫ్ఆర్-4 పొడిలో గాజు నార ఉంటుంది. అది చర్మాన్ని దురదపెడుతుంది, ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. పెట్టెకు చిన్న వాక్యూమ్ గొట్టం ఉండాలి, ముక్కుకు మాస్కు ఉండాలి. పొడిని నోటితో ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి. ఈ పెట్టె ఖర్చు తగ్గించి యంత్రం చవకగా వచ్చిందని చెప్పడం నాకు ఇష్టం లేదు. ఆ గదిలో పసిపిల్లలు నిద్రపోతారు.

ఇలాంటి ఆలోచనకు మన జాతిలో గొప్ప ఉదాహరణ ఉంది. నేటి యాదాద్రి భువనగిరి జిల్లా శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆరో తరగతితో చదువు ఆపిన నేతబిడ్డ. పోచంపల్లి చీరకు ఆసు పోయడానికి ఆయన తల్లి లక్ష్మి కొయ్యల చుట్టూ దారం తిప్పుతూ, ఒక చీరకు సుమారు 9,000 సార్లు చెయ్యి ఊపేది. ఆ భుజం నొప్పి చూడలేక 1999లో ఆయన లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది బిరుదు కాదు, ఆయన ఏం చేయకుండా వదిలేశాడన్నది. మగ్గాన్ని మరమగ్గం చేయబోలేదు. నేతను, రంగును, డిజైనును నేతగాడి చేతికే వదిలేశాడు. మనిషిని విరగ్గొట్టే ఆ ఒక్క కదలికను పట్టుకుని, దాన్ని మాత్రమే యంత్రానికి అప్పగించాడు. అందుకే అది నేతవాళ్ల ఇళ్లలోకి రాగలిగింది.

నిజానికి మగ్గానికీ డ్రిల్లుకూ పాత చుట్టరికమే ఉంది. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఫ్రాన్స్‌లో జకార్డ్ మగ్గం అట్టముక్కల మీది బెజ్జాలను చదివి పూలు నేసింది. 1952లో అమెరికాలోని ఎంఐటీలో అంకెలతో నడిచే మొదటి మిల్లింగ్ యంత్రాన్ని చూపినప్పుడు, దానికి ఆజ్ఞలు అందింది కూడా బెజ్జాలు కొట్టిన టేపు మీదే. జకార్డ్ అట్టలు గుద్దిన పద్మశాలి ఇంటి పిల్లలకు ఈ విద్య పరాయిది కాదు.

యంత్రం చవకో కాదో తేల్చడానికి కొన్న ధర ఒక్కటే చాలదు. విరిగిన భాగం నడిచి వెళ్లి తెచ్చుకునేంత దూరంలో దొరకాలి. వాడేవాడే దాన్ని విప్పి బిగించగలగాలి. అందుకు డ్రాయింగు, విడిభాగాల జాబితా, ప్రోగ్రాం మూడూ తాళం లేకుండా అందరికీ అందాలి, తెలుగులో, మరాఠీలో, హిందీలో. ఐటీఐ, పాలిటెక్నిక్ పంతుళ్లకు నా విన్నపం ఒకటి. చివరి ఏడాది ప్రాజెక్టుగా పిల్లలతో ఈ పనిముట్టు చేయించండి, చేసినదాన్ని పక్క గల్లీ మెకానిక్‌కు ఇప్పించండి. ఆ మెకానిక్ వాడి చూసి ఇది అక్కర్లేదు, అది అక్కర్లేదు అని రెండు భాగాలు పీకేస్తాడు. వచ్చే ఏటి పిల్లలు అక్కడి నుంచి మొదలుపెడతారు. ధర తగ్గడానికి నాకు తెలిసిన నిజాయితీ గల దారి అదే.